రెండు మంద్రాలు ఒక్కమారు పలకవు

పార్లమెంటు సమావేశాలు లేని వారాలలో ఢిల్లీ విలేఖరికి రాయడానికి వస్తువు దొరకదని పాఠకులు అనుకోవచ్చు. నిజానికి సభలో కూర్చున్నప్పుడు తోచని సంగతులు అటువంటి వారాలలోనే తోస్తాయి. ఈ వారం నేను రాయబోయేది మంత్రివర్గాల గురించి కాదు, పార్టీల గురించి కాదు. లండన్‌లో ఒక నేలమాళిగలో నిలబడి నేను విన్న సంగీతం గురించి. యాభై దాటిన మనిషికి ఇదేమి సరదా అని నవ్వేవారు నవ్వవచ్చు. కాని చివరికి వచ్చేసరికి ఇది చట్టసభల సంగతే అవుతుందని మనవి చేస్తున్నాను.

కొంతకాలం క్రితం ఒక పని మీద లండన్ వెళ్ళాను. మా అక్కయ్య కొడుకు ఆ నగరం తూర్పు భాగంలో కాపురముంటూ కంప్యూటర్ ఉద్యోగం చేస్తున్నాడు. తెనాలిలో పుట్టి పెరిగినవాడు. శనివారం రాత్రి భోజనాలయ్యాక, "మామయ్యా, ఇన్నేళ్ళుగా పార్లమెంటులో గొడవ వింటున్నారు కదా, ఇవాళ నాతో రండి, అసలు శబ్దమంటే ఏమిటో వినిపిస్తాను" అన్నాడు. మేనల్లుడు పిలిస్తే కాదనలేక వెళ్ళాను. గుమ్మంలో మా చేతి మీద ముద్ర వేసి, చెవులలో పెట్టుకోవడానికి మెత్తటి బిరడాలు ఇచ్చారు. వినడానికి వచ్చినవాడికి చెవులు మూసుకునే సాధనం ముందుగా ఇవ్వడం నాకు వింతగా తోచింది. ఆ మర్యాద విలువ తరువాత తెలిసింది.

మెట్లు దిగితే చిన్న గది. తల ఎత్తితే తగిలేటట్టున్న కప్పు. ఒకే ఒక ఎర్ర దీపం. ఇనప్పెట్టెల వలె నిలువెత్తున పేర్చిన స్పీకర్లు. నూటయాభై మంది కంటె ఎక్కువ పట్టరు. ఒక మూల బల్ల వెనుక ఇద్దరు నిలబడి ఉన్నారు. ఒకరు సిల్హెట్ నుంచి వలస వచ్చిన బెంగాలీ కుటుంబంలో మూడవ తరం యువతి. రెండవ వారు జమైకా నుంచి వచ్చిన కుటుంబంలో మూడవ తరం యువకుడు. "దీన్ని బ్యాక్ టు బ్యాక్ అంటారు మామయ్యా. ఒకరి తరువాత ఒకరు వాయించడం కాదు. ఇద్దరూ కలిసి ఒకే కచేరీ నడపాలి. ఆమె ఒక రికార్డు వేస్తే, దానికి జవాబుగా అతను ఒకటి వేయాలి. ముందుగా మాట్లాడుకోరు" అని మావాడు నా చెవిలో అరిచాడు.

ఒక తెలుగువాడికి ఇది బొత్తిగా కొత్త సంగతి కాదు. తిరుపతి వేంకట కవులు అవధాన సభలలో ఒకరు పద్యపాదం ఎత్తుకుంటే రెండవవారు అందుకునేవారని మన పెద్దలు చెప్పుకునేవారు. ఒకరు ఎక్కడ ఆపితే అక్కడినుంచి రెండవవారు సాగించాలంటే, తాను చెప్పదలచినది పక్కనపెట్టి ఎదుటివాడు చెప్పినది వినాలి. ఇద్దరు పండితులకు అదే అన్నిటికంటె కష్టమైన పని.

ఆ బల్ల దగ్గర జరిగే పనిని నేను రెండు గంటలపాటు పరిశీలించాను. ఒక రికార్డు నడుస్తూ ఉండగా రెండవవారు హెడ్‌ఫోను ఒక చెవికి ఆనించి, తరువాతి రికార్డును తమలో తాము వింటారు. దాని వేగాన్ని నడుస్తున్న దాని వేగంతో సరిపోల్చి, లయ తప్పకుండా మెల్లగా లోపలికి తెస్తారు. ఇక్కడ ఒక కట్టుబాటున్నది. పైస్థాయి స్వరాలు రెండు రికార్డులవి కొంతసేపు కలిసి పలకవచ్చు. మంద్రస్థాయి, అంటే మనవాళ్ళు బేస్ అనేది, రెండింటిదీ ఒక్కమారు పలకరాదు. పలికితే రెండూ ఒకదానినొకటి మింగి బురదవుతాయి. కాబట్టి వెళ్ళే రికార్డు మంద్రాన్ని తగ్గించిన తరువాతనే వచ్చే రికార్డు మంద్రాన్ని పైకి తెస్తారు. ఆ యువతి తన వేలితో ఒక మీట దించుతూ ఉంటే, అదే క్షణంలో ఆ యువకుడు తన మీట ఎత్తుతూ ఉన్నాడు. ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకోలేదు. ఎన్నో ఏళ్ళుగా ఒకరి మాట మీద ఒకరు అరుచుకునే సభ్యులను పత్రికా గ్యాలరీ నుంచి చూస్తూ వచ్చిన నాకు, ఆ రెండు మీటలు పెద్ద రాజ్యాంగ సూత్రం వలె కనిపించాయి.

ఇక ఆ మంద్రం సంగతి. మనిషి చెవి సెకనుకు సుమారు 20 కంపనాల నుంచి 20,000 కంపనాల వరకు వినగలదంటారు. ఈ సంగీతానికి ప్రాణమంతా 60 కంపనాలకు దిగువన ఉంటుంది. ఆ స్థాయిలో ధ్వని చెవికంటె ముందుగా గుండెకు తెలుస్తుంది. నా చొక్కా గుడ్డ అదిరింది. 50 కంపనాల ధ్వనికి ఒక్కొక్క తరంగం పొడవు దాదాపు 7 మీటర్లు. అంతటి అలకు మామూలు గోడ అడ్డం కాదు. డబ్‌స్టెప్ అనే బాణీలో వేగం నిమిషానికి సుమారు 140 దెబ్బలు. ఐతే బరువైన దెబ్బ మూడవదాని మీద పడడం వల్ల శరీరానికి అది 70గా తోస్తుంది. విశ్రాంతిగా ఉన్న మనిషి నాడి కూడా సుమారుగా అంతే. ఆ వేగంలోను జనం ఎగరకుండా, తలవంచి నిలబడి ఎందుకు వింటారో నాకు అప్పుడు అర్థమైంది.

దీని పుట్టుక లండన్ కాదు, జమైకా. 1950ల దశకంలో కింగ్‌స్టన్ నగరంలో హోటళ్ళ బ్యాండు మేళాలకు డబ్బు పెట్టలేని పేదలు వీధులలో, ఖాళీ స్థలాలలో పెద్ద స్పీకర్లు నిలిపి రికార్డులు వేసుకుని ఆడేవారు. వాటిని సౌండ్ సిస్టమ్‌లు అన్నారు. ఒకప్పుడు పోలీసు ఉద్యోగం చేసిన డ్యూక్ రీడ్, అతనికి పోటీగా కాక్సన్ డాడ్, వీరిద్దరి సిస్టమ్‌ల మధ్య పోటీలు జరిగేవి. ఎదుటివాడికి పేరు తెలియరాదని రికార్డుల మీది చీటీలు గీకివేసేవారు. 1970లలో రేడియోలు, ఆంప్లిఫయర్లు బాగుచేసే పనివాడైన కింగ్ టబీ పాటలోంచి గాత్రం తీసివేసి, మంద్రాన్ని, మద్దెలను మాత్రమే మిగిల్చి, ప్రతిధ్వని చేర్చి డబ్ అనే పద్ధతిని నిలబెట్టాడు. పాట బాగుంటే రికార్డును వెనక్కి లాగి మళ్ళీ మొదటినుంచి వేయడం అక్కడి ఆచారం. ఆ రాత్రి ఆ నేలమాళిగలో జనం గోడలు తట్టి అరిచినప్పుడు ఆ యువకుడు కూడా అదే చేశాడు. మన పద్యనాటకాలలో కృష్ణుడి పద్యానికి వన్స్‌మోర్ కొట్టడం గుర్తుకు వచ్చి నవ్వుకున్నాను.

1948 తరువాత జమైకా ప్రజలు పనుల కోసం బ్రిటన్‌కు వలస వచ్చినప్పుడు ఈ పెట్టెలు వారితో వచ్చాయి. ఎన్నో హోటళ్ళు, క్లబ్బులు నల్లవారికి తలుపులు మూసిన రోజులవి. అందుచేత ఇళ్ళలో, నేలమాళిగలలో, చర్చి హాళ్ళలో వారు తమ సభలు తాము పెట్టుకున్నారు. అక్కడినుంచి వచ్చిన పరంపరే ఇది. ఈ శతాబ్ది ఆరంభంలో దక్షిణ లండన్‌లోని క్రాయ్‌డన్‌లో బిగ్ ఆపిల్ అనే రికార్డుల దుకాణం చుట్టూ చేరిన కుర్రవాళ్ళు డబ్‌స్టెప్‌కు రూపమిచ్చారు. 2001లో ఫార్వర్డ్ అనే వారపు కచేరీ మొదలై, తరువాత షోర్‌డిచ్‌లో ప్లాస్టిక్ పీపుల్ అనే చిన్న నేలమాళిగకు చేరింది. 2005లో మాలా, కోకీ, లోఫా అనే యువకులు బ్రిక్స్‌టన్‌లో ఒక చర్చి భవనంలో డీఎంజెడ్ పేరిట కచేరీలు ప్రారంభించారు. కొత్త పాటను మెత్తటి పూత ఉన్న ఒకే ఒక పళ్ళెం మీద గీయించి తెచ్చి వాయించడం వారి మర్యాద. కొన్ని పదుల సార్లు వాయిస్తే ఆ పళ్ళెం అరిగిపోతుంది. అరిగేలోగా విన్నవాడిదే అదృష్టం.

మన ఉపఖండం వారు ఈ కథలో ప్రేక్షకులుగా మాత్రమే లేరు. 1978 మే 4న లండన్ తూర్పు భాగంలోని వైట్‌చాపెల్‌లో అల్తాబ్ అలీ అనే బెంగాలీ బట్టల కార్మికుడు జాతివిద్వేషానికి బలి అయ్యాడు. ఆ వీధులలో పెరిగిన తరమే 1980లలో జోయ్ బంగ్లా పేరుతో తన సౌండ్ సిస్టమ్ పెట్టుకుంది. 1993లో లండన్‌లోనే ఏషియన్ డబ్ ఫౌండేషన్ ఏర్పడింది. తబలా విద్వాంసుడు తల్వీన్ సింగ్ హాక్స్‌టన్‌లోని బ్లూ నోట్‌లో సోమవారం రాత్రులలో అనోఖా పేరిట కచేరీలు నడిపాడు. 1997లో అదే పేరుతో వచ్చిన సంకలనంలో స్టేట్ ఆఫ్ బెంగాల్ చేసిన ఒక రచనకు విమానం నంబరే పేరు. 1999లో తల్వీన్ సింగ్‌కు మెర్క్యురీ బహుమతి వచ్చింది. రాత్రిపూట ఇల్లు కదలనివ్వని తల్లిదండ్రుల కన్నుగప్పి, బడి ఎగగొట్టి, మనవారి పిల్లలు 1980లలో పట్టపగలు భాంగ్రా నృత్యసభలకు వెళ్ళేవారు. వాటిని తలచుకునే 2020లో కొందరు యువ కళాకారులు తమ బృందానికి డేటైమర్స్ అని పేరు పెట్టుకున్నారు. ఢిల్లీలో సైతం తరు దాల్మియా వంటివారు జమైకా పద్ధతిలో సౌండ్ సిస్టమ్ కట్టుకుని నడిపారు.

ఇప్పుడు చట్టసభల సంగతికి వస్తాను. 1992 మే నెలలో ఇంగ్లండులోని కాసిల్‌మార్టన్ పచ్చిక బయలులో వేలాది మంది చేరి దాదాపు వారం రోజులపాటు రాత్రింబవళ్ళు ఎలక్ట్రానిక్ సంగీతం వాయించుకున్నారు. చుట్టుపక్కల గ్రామాలవారికి నిద్ర కరవైంది. వారి బాధ కల్పన కాదు. జాన్ మేజర్ ప్రభుత్వం 1994లో క్రిమినల్ జస్టిస్ చట్టం తెచ్చింది. దాని 63వ విభాగం ప్రకారం ఆరుబయట నూరుమంది లేక అంతకంటె ఎక్కువమంది చేరి, రాత్రివేళ స్థానికులకు తీవ్రమైన బాధ కలిగించేటట్టు సంగీతం వాయిస్తే పోలీసులు వారిని చెదరగొట్టవచ్చు. 2003లో ఆ నూటిని ఇరవైకి తగ్గించారు. ఇంతవరకు అభ్యంతరం లేదనుకుందాం. కాని ఆ చట్టం సంగీతమంటే ఏమిటో కూడా చెప్పవలసి వచ్చి, పూర్తిగా గాని ప్రధానంగా గాని పదేపదే వచ్చే దెబ్బల వరుసతో కూడిన ధ్వనులు కూడా అందులోకి వస్తాయన్నది. ప్రతిపక్షమైన లేబర్ పార్టీ ఓటు వేయకుండా ఊరుకున్నది.

ఆ నిర్వచనాన్ని ఒక్కసారి మన ఊళ్ళకు అన్వయించి చూడండి. మన డప్పు, మన కోలాటం, మన అఖండ భజన అన్నీ అందులో పడతాయి. ఇంగ్లండులోనే ఆటెకర్ అనే ఇద్దరు సంగీతకారులు అదే సంవత్సరం ఒక రికార్డు విడుదల చేసి, అందులో ఒక రచనలో ఏ ఆవర్తమూ మరొకదాని వలె ఉండకుండా కూర్చారు. పోలీసులు వస్తే ఇది పునరావృతం కాదని రుజువు చేయడానికి ఒక న్యాయవాదిని, ఒక సంగీత శాస్త్రజ్ఞుడిని పక్కన పెట్టుకొమ్మని డీజేలకు అట్టమీద సలహా ఇచ్చారు. చట్టాన్ని ఇంత చక్కగా ఎద్దేవా చేసిన ప్రతిపక్ష ప్రసంగం నేను తక్కువగా విన్నాను.

తరువాతి అడుగు మరీ విషమమైనది. 2005 నుంచి లండన్ పోలీసులు క్లబ్బుల నిర్వాహకుల చేత 696వ నంబరు ఫారం నింపించారు. వాయించేవారి పేర్లు, చిరునామాలు, ఫోను నంబర్లు రాయాలి. తొలిరోజులలో వచ్చే ప్రేక్షకులు ఏ జాతివారో కూడా రాయమన్నారు. విమర్శలు రాగా ఆ ప్రశ్న తీసివేశారు గాని, ఫారం మాత్రం 2017 నవంబరు దాకా నిలిచింది. దానిని పునఃపరిశీలించమని అడిగిన నగర మేయరు సాదిక్ ఖాన్ పాకిస్తాన్ నుంచి వలస వచ్చిన బస్సు డ్రైవరు కుమారుడు కావడం గమనించదగినది. శబ్దం ఎంత అని అడగవలసిన ప్రభుత్వం, శబ్దం ఎవరిది అని అడగడం మొదలుపెట్టింది. అక్కడ తప్పింది లయ.

ఇక మన సంగతి. 2000లో వెలువడిన మన శబ్ద కాలుష్య నిబంధనలు ఈ విషయంలో బ్రిటిష్ చట్టం కంటె మేలైనవని నిస్సంకోచంగా చెప్పవచ్చు. నివాస ప్రాంతంలో పగలు 55 డెసిబెళ్ళు, రాత్రి 45. రాత్రి 10 గంటల నుంచి ఉదయం 6 గంటల వరకు బయట లౌడ్‌స్పీకరు వాడరాదు. ఏడాదిలో 15 రోజులకు మించకుండా పండుగ సందర్భాలలో అర్ధరాత్రి దాకా రాష్ట్ర ప్రభుత్వం సడలింపు ఇవ్వవచ్చు. ఇందులో లయ ప్రసక్తి లేదు, జాతి ప్రసక్తి లేదు. ఎంత, ఎప్పుడు, ఎక్కడ అన్నవే ప్రశ్నలు. 2005 జూలై 18న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు ఇంకొక అడుగు ముందుకు వేసి, మాట్లాడే హక్కు ఒకరికి ఉంటే వినకుండా ఉండే హక్కు మరొకరికి ఉన్నదని, వినితీరాలని ఎవరినీ నిర్బంధించరాదని చెప్పింది.

నిబంధన అంత చక్కనిది. అమలు ఎటువంటిదో నా ఇంటనే చూశాను. కొన్నేళ్ళ క్రితం పండుగకు మా ఊరు వెళ్ళాను. మా అమ్మకు అప్పటికి ఎనభై ఏళ్ళు, గుండెజబ్బు. రాత్రి పదకొండు దాటాక ఊరేగింపు మా వీధిలోకి వచ్చింది. లారీ మీద పేర్చిన డీజే పెట్టెలు మా గుమ్మం ఎదుట అరగంట ఆగిపోయాయి. వెనుక మరొక లారీ. దానికీ దీనికీ పోటీ. కిటికీ అద్దాలు అదిరాయి. అలమరలోని స్టీలు గ్లాసులు ఒకదాని తరువాత ఒకటి కిందపడ్డాయి. అమ్మ నా చెయ్యి గట్టిగా పట్టుకుని, "ఇదంతా దేవుడి కోసమేనా నాయనా?" అన్నది. పోలీసులకు ఫోను చేస్తే, ఊరేగింపు వెళ్ళిపోతుంది లెండి అని జవాబు వచ్చింది. ఆ రాత్రి గండం గడిచింది. కాని తరువాత ప్రతి ఏడు ఆ పండుగ నాలుగు రోజులు ఆమె సొంత ఇల్లు విడిచి మా అక్కయ్య ఇంటికి వెళ్ళిపోయేది. చట్టం ఉన్న దేశంలో ఒక ముసలిది పండుగకు ఇల్లు వదిలిపోవలసి వచ్చింది.

కాబట్టి 2024లో హైదరాబాద్ పోలీసులు మతపరమైన ఊరేగింపులలో డీజేలను నిషేధించినప్పుడు నేను సంతోషించాను. దానికి ఇప్పటికీ సంజాయిషీ చెప్పుకోను. ఐతే ఆ నేలమాళిగలో నిలబడి ఉండగా నాకు ఒక సందేహం కలిగింది. మా అమ్మను భయపెట్టిన మంద్రం, నేను కన్నులు మూసుకుని వింటున్న మంద్రం ఒకే స్థాయివి. పెట్టెలు ఒకే జాతివి. మరి ఒకటి హింస, ఒకటి రసం ఎట్లా అయ్యాయి? తేడా సంగీతంలో లేదు. ఇక్కడ నేను కోరి వచ్చాను, నా చెవికి బిరడా ఇచ్చారు, తలుపు తీసుకుని వెళ్ళిపోవచ్చు. పార్లమెంటు పరిభాషలో చెప్పాలంటే నాకు వాకౌట్ చేసే హక్కు ఉన్నది. మంచం మీద ఉన్న మా అమ్మకు ఆ హక్కు లేకపోయింది. ఇంకొక తేడా కూడా ఉన్నది. ఇక్కడి ఇద్దరూ ఒకరి మాట ఒకరు విని, ఒకరికొకరు తగ్గుతున్నారు. అక్కడి రెండు లారీలూ ఒకదాని మంద్రం మీద మరొకటి మంద్రం పెంచుతున్నాయి.

డీజే అనే మాటే మనకు తిట్టు కావడం నాకు మంచిదిగా తోచడం లేదు. గడియారాన్ని, డెసిబెల్ యంత్రాన్ని చూసి మామూలు రోజులలో నిబంధన అమలు జరిపితే ఒకనాడు నిషేధం అవసరం రాదు. అమలు జరపక, బాధ పెరిగాక, వస్తువు పేరు పెట్టి నిషేధిస్తే, అది నేను చూసినంతలో అప్పుచేసి పెట్టెలు కొనుక్కున్న కుర్రవాడి మీద పడుతుంది గాని, వాటిని అద్దెకు తెచ్చి ఊరేగింపు తీయించిన పెద్దమనిషి జోలికి పోదు. నేడు పెట్టె పేరు అడిగిన ప్రభుత్వం రేపు పాట పేరు, ఆ పైన పాడేవాడి పేరు అడగదన్న హామీ లేదు. బ్రిటన్ ఆ దారిలో ఎంతదూరం పోయి వెనక్కి వచ్చిందో మనం చూశాము.

తెల్లవారుజామున మూడు గంటలకు మేము పైకి వచ్చాము. రెండు వరుసల తలుపులు మా వెనుక మూసుకున్నాయి. "ఎలా ఉంది మామయ్యా?" అని మావాడు అడిగాడు. నేను వెంటనే జవాబు చెప్పలేదు. వీధిలో పది అడుగులు నడిచి ఆగాను. కాలి కింద ఏమైనా అదురుతున్నదేమోనని కాసేపు నిలబడి చూశాను. అదరలేదు. ఎదురుగా మూడంతస్తుల ఇళ్ళు, మూసిన కిటికీలు. లోపల ఎవరో నిద్రపోతున్నారు. కింద ఆ ఇద్దరూ ఇంకా వాయిస్తూనే ఉన్నారు.

"బాగున్నదిరా" అన్నాను.